మూడు మెచ్చుకోళ్ళ రాజారత్నం

తెనాలిలో రాజారత్నం గారు మెచ్చుకుంటే జనం భయపడేవారు.

తిడితే భయపడటం, మెచ్చుకుంటే ఉబ్బిపోవడం లోకం తీరు. ఆయన దగ్గర అది తలకిందులు. ఎక్కడ ఏ లోపం కనపడినా చెప్పకుండా ఉండలేరు, చెబుదామంటే తిన్నగా చెప్పడం చేతకాదు. ముందు మూడు మంచి మాటలు అనాలి. నాలుగోది తప్పు. అయిదోది, ఆ తప్పు దిద్దడానికి తాను చేయబోయే సాయం. ఈ వరస ఎన్నడూ తప్పేవారు కాదు. అందుకని ఆయన నోట మొదటి మెచ్చుకోలు వెలువడగానే ఎదుటివాడి గుండె జారిపోయేది.

జగన్నాథరావు గారమ్మాయి పెళ్ళిలో ఏమైందో తెనాలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజారత్నం గారు సంచీ చంకన పెట్టుకుని వచ్చి, “పందిరి దివ్యంగా ఉందండి,” అన్నారు. పిల్ల తండ్రి ముఖం పాలిపోయింది.

“మేళం కూడా బాగా కుదిరింది.”

“రెండయ్యాయండి,” అన్నాడు జగన్నాథరావు నీరసంగా.

“పిలుపులు కూడా ఎంతో మర్యాదగా...”

“రాజారత్నం గారూ, మీకు దణ్ణం పెడతాను. ఏం కొంప మునిగిందో చెప్పేయండి!”

“అబ్బే, ఏం లేదండి. పెళ్ళికొడుకు కూర్చున్న కుర్చీకి వెనక కాలు ఊడొస్తోంది. మీరు కంగారు పడకండి. మేకులు, సుత్తి తెచ్చాను.”

తరువాత వచ్చిన పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు నవ్వుతూ ఉంటాడు. అతని కుర్చీ కింద రాజారత్నం గారి కాళ్ళు రెండూ కనపడుతూ ఉంటాయి.

వాడరేవు చేపల గంప ప్యాసింజరులో తెచ్చే పోలమ్మ అయితే ఆయన్ని దూరం నుంచి చూసే చెంగు నడుముకి బిగించేది. ఆయన గంపలోకి వంగి “వంజరాలు మెరుస్తున్నాయమ్మా” అన్నారంటే చాలు, “మిగిలిన రెండూ ఇంటికాడ అనుకోండి బాబూ. మెత్తబడిందేదో చూపించండి, అవతల పారేస్తా” అనేది. ఇంట్లో ఆయన భార్య కృపమ్మ గారి పద్ధతి వేరు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని తల పైకెత్తగానే, “కూర బాగుందన్నారంటే ఊరుకోను. ఉప్పు డబ్బా మీ ఎదురుగానే ఉంది,” అనేవారు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఆ మూడు మంచి మాటలూ నిజమైనవే అయ్యుండాలి. ఆయనకి అబద్ధం మెచ్చుకోలు గొంతు దాటదు. ఒకసారి బస్టాండు దగ్గర హోటల్లో కాఫీ నోట పెట్టలేనట్లుంది. గ్లాసు శుభ్రంగా ఉందన్నారు, బల్ల ఊగట్లేదన్నారు. మూడో మంచి ఎంత వెతికినా దొరకలేదు. అరగంట కూర్చుని, తల పంకించుకుంటూ ఇంటికెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే వచ్చి, “దొరికిందండి. మీ సర్వరు చిల్లర లేదనకుండా ఇచ్చాడు. ఇప్పుడు కాఫీ సంగతి మాట్లాడుకుందాం,” అన్నారు. ఆ మాట్లాడుకోవడం పూర్తయ్యేసరికి ఆయన హోటలు వంటింట్లో డికాషన్ దించుతూ కనపడ్డారు.

రాజారత్నం గారు ముప్పై రెండేళ్ళు అచ్చాఫీసులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, పుస్తకాలు కట్టిన చెయ్యి అది. తొంభై అయిదులో ఆ అచ్చాఫీసు మూతపడింది. సీసం కరిగించడానికి పట్టుకుపోయారు. ఆయన మర్నాడే సంచీ సర్దుకుని, అచ్చాఫీసుని మింగిన శత్రువు దగ్గరికే వచ్చి కూర్చున్నారు. ఆ శత్రువు పేరు శ్రీనివాసరావు. గాంధీచౌకు దగ్గర సందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టి డి.టి.పి. సెంటరు తెరిచాడు. పెళ్ళి శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, చర్చి కరపత్రాలు అతని వ్యాపారం.

శ్రీనివాసరావు మంచివాడే. కాకపోతే నోటికి తలుపు లేదు. ప్రింటరు కాగితం నమిలితే ప్రింటరు చేసినవాడి ఏడు తరాలనీ, కరెంటు పోతే కరెంటాఫీసు మొత్తాన్నీ తిట్టిపోసేవాడు. సందులో అతని కేకలు విని, కరెంటు పోయిందని జనం తెలుసుకునేవారు. పగలు లైట్లు వేసుకోరు కనక అంతకు మించి ఆధారం ఉండేది కాదు.

“ప్రూఫులు చదువుతానండి. జీతం వద్దు. అక్షరం చూడకపోతే అన్నం సయించట్లేదు,” అన్నారు రాజారత్నం గారు వచ్చిన రోజున.

“కూర్చోండి బాబాయి గారూ,” అన్నాడు శ్రీనివాసరావు.

“మీ కుర్చీ బాగుంది,” అన్నారు ఆయన. శ్రీనివాసరావు కొత్తవాడు కనక సంతోషించాడు.

ఇక గుణింతం సంగతి. గుణింతం అంటే తెలుగు టైపు చేసుకునే ప్రోగ్రాము. బాపట్లలో హైస్కూల్లో లెక్కలు చెప్పే రిబ్కా అనే ఆవిడ సొంతంగా తయారుచేసి, అడిగినవాళ్ళకల్లా ఫ్లాపీలో పెట్టి ఊరికే ఇచ్చేది. ఫ్లాపీతో పాటు ఒక చీటీ. అందులో ఇలా ఉండేది: “దీనికి వెల లేదు. ప్రోగ్రాము మొత్తం విప్పి లోపలే పెట్టాను. తెలిసినవాళ్ళు ఎవరికి వారు దిద్దుకోవచ్చు. దిద్దితే నాకూ ఒక కాపీ పంపండి. తెలియనివాళ్ళు తప్పులుంటే రాయండి, నేను దిద్దుతాను. రిబ్కా, బాపట్ల.”

శ్రీనివాసరావు ఆ చీటీలో ‘తప్పులుంటే రాయండి’ అన్న ఒక్క ముక్కే చదివాడు. మొదటి వారంలోనే ‘స్త్రీ’ అని కొడితే కింద వత్తులు రెండూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్దయింది.

“రాయండి బాబాయి గారూ!” అని కేకపెట్టాడు. అతని చేతిరాత అతనికే అర్థం కాదు కనక ఉత్తరాలు ఆయన చేతే రాయించేవాడు. “ఏమమ్మా, నీకు తెలుగు నేర్పినవాడెవడు? మీ ఊళ్ళో స్త్రీలు ఇలాగే ఉంటారా? చేతకానివాళ్ళకి ఈ పనులెందుకు? పోయి పిల్లలకి ఎక్కాలు చెప్పుకో. రాశారా?”

“రాస్తున్నానండి. ‘ఎక్కాలు’ దాకా వచ్చింది,” అన్నారు ఆయన ఇన్‌లాండు కవరు మీద తాపీగా రాస్తూ. “పూర్తయింది. చదివి వినిపించమంటారా?”

“వినేదేముందండీ, నేనన్నదేగా!” అని శ్రీనివాసరావు సంతకం గీకేశాడు.

ఆ తరువాత రాజారత్నం గారు అతన్ని ఒక మాట అడిగారు. “బాబూ, డబ్బు పెట్టి కొన్న చెప్పులు కరిస్తే కొట్టువాణ్ణి నిలదీయొచ్చు. ఎండలో మీ కాళ్ళు కాలుతున్నాయని దారినపోయే మనిషి తన చెప్పులు విప్పి ఇచ్చిందనుకోండి. అవి కరిస్తే ఏం చేస్తారు? దణ్ణం పెడతారా, తిడతారా?”

“దణ్ణం పెట్టి తిడతాను.”

“నయం. సగం వచ్చేసింది,” అన్నారు ఆయన.

పది రోజులకి బాపట్ల నుంచి కొత్త ఫ్లాపీ వచ్చింది. స్త్రీ చక్కగా, ఎక్కడి వత్తు అక్కడ, నిండుగా నిలబడింది. శ్రీనివాసరావు తొడ చరిచాడు. “చూశారా బాబాయి గారూ! వాయిస్తే గానీ పని జరగదు!”

అప్పటినుంచి అదే తంతు. అతను వాయించేవాడు, ఆయన రాసేవారు, అతను చదవకుండా సంతకం చేసేవాడు, బాపట్ల నుంచి దిద్దిన ఫ్లాపీ వచ్చేది. ఏడాదిలో పదిహేను ఉత్తరాలు వెళ్ళాయి, పదిహేను తప్పులు పోయాయి. తన నోటిమీద అతనికి ఎంత గురి కుదిరిందంటే, రేపల్లెలో డి.టి.పి. పెట్టుకున్న తోడల్లుడు నరసింహారావుకి కూడా ఫోను చేసి ఆ మంత్రం ఉపదేశించాడు. “మెత్తగా చెబితే వినరన్నయ్యా. నేనెలా రాశానో చెబుతా, అలాగే రాసి పడెయ్,” అని తన తిట్లన్నీ పూసగుచ్చినట్లు చెప్పాడు. అవతల నరసింహారావు కాగితం పెట్టుకుని రాసుకున్నాడు.

తొంభై ఏడు చివర్లో రాజారత్నం గారు రేపల్లెలో చెల్లెలి ఇంటికి నాలుగు రోజులు వెళ్ళారు. అదే అదనుగా ముప్పు వచ్చిపడింది. చర్చిలో కోత పండుగ వస్తోంది. కొత్త పంటలో మొదటి భాగం దేవుడికిచ్చే పండుగ. పాస్టరు అంద్రెయ గారు కరపత్రాలు వేయించుకున్నారు. ప్రూఫు చూసే మనిషి ఊళ్ళో లేడు. అయిదు వందల కరపత్రాలు అచ్చయి తెనాలి, పొన్నూరు, కర్లపాలెం దాకా పంచాక, ఒక కాపీ పట్టుకుని పాస్టరు గారు వచ్చారు.

“శ్రీనివాసరావు గారూ, మా సంఘంలో ఎన్ని కోతులున్నాయనుకున్నారండి?”

శ్రీనివాసరావు కాగితం చూశాడు. బారెడేసి అక్షరాలతో ‘కోతి పండుగకు సకుటుంబంగా విచ్చేయండి’ అని ఉంది. అతనికి చెమటలు పట్టాయి.

“నేను కొట్టింది ‘కోత’ అనేనండి. కొత్త ఫ్లాపీలో ‘త’ తరువాత ఖాళీ వదిలితే గుడి వచ్చి పడుతోందండి.”

“చర్చి కాగితం మీద గుడి పడటమేంటండీ?”

“ఆ గుడి కాదండి, అక్షరం మీద పెట్టే గుడండి!”

“ఏ గుడైనా మా పెద్దలకి ఏమని చెప్పుకోనండీ,” అన్నారు పాస్టరు గారు. నవ్వాపుకోవడం ఆయనకీ కష్టంగానే ఉంది. ఆదివారం నాడు చర్చి కిటకిటలాడిపోయింది. కోతి పండుగ ఎలా ఉంటుందో చూద్దామని ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. కానుకల వేలంలో అరటిగెలలే పదకొండు తేలాయి.

ఊరంతా నవ్వింది గానీ శ్రీనివాసరావు నవ్వలేదు. అతని కోపం నషాళానికంటింది. రాజారత్నం గారు తిరిగి వచ్చిన రోజున “రాయండి బాబాయి గారూ!” అని అతను నోరు తెరిచేలోపే పోస్టుమాను కార్డు పడేసి వెళ్ళాడు. బాపట్ల నుంచి వచ్చింది.

“గుణింతం వాడుతున్న అందరికీ నమస్కారం. ఈ పని ఇంతటితో ఆపేస్తున్నాను. మొన్న పంపిన ఫ్లాపీయే ఆఖరిది. నా వల్ల ఇబ్బంది పడినవాళ్ళు క్షమించండి. రిబ్కా.”

శ్రీనివాసరావు కుర్చీలో కూలబడ్డాడు. అతని ఏడాది పని మొత్తం గుణింతంలోనే ఉంది. ఆ ఫైళ్ళు వేరే దేనిలోనూ తెరుచుకోవు. పాత ఫ్లాపీలు ఎప్పటికప్పుడు చెరిపేశాడు. ఆ గుడి అలా నిలిచిపోతే మాఘమాసంలో వచ్చే శుభలేఖలన్నిటి మీదా కోతులు గెంతుతాయి. సెంటరు మూసుకోవడమే.

“మధ్యలో వదిలేసి పోతుందా! ఇక ఉత్తరాలు కాదు బాబాయి గారూ. నేనే వెళ్ళి ముఖమ్మీద నాలుగూ కడిగేసి వస్తాను!”

రాజారత్నం గారి ముఖంలో మొదటిసారి కంగారు కనపడింది. “బాబూ, మీరు ధైర్యవంతులండి,” అన్నారు.

“ఆఁ.”

“కష్టజీవులు కూడా.”

“నాకు తెలుసండి, మీరేమంటారో!”

“మీ చొక్కా బాగుంది,” అన్నారు ఆయన తొందరపడి. “ఒక్కటే లోపం. మీరు బాపట్ల వెళ్ళకూడదు. నేనెళ్తాను.”

శ్రీనివాసరావు వినలేదు. మర్నాడు పొద్దున ప్యాసింజరెక్కాడు. బండి నిడుబ్రోలు దాటేసరికి పన్నెండు తిట్లు సిద్ధమయ్యాయి. బాపట్లలో దిగేసరికి వాటిని వరసలో కూడా పెట్టుకున్నాడు.

రిబ్కా ఇల్లు స్టేషనుకి దగ్గర్లోనే. తలుపు తీసిన మనిషికి ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతికి సుద్దముక్క పొడి అంటుకుని ఉంది. శ్రీనివాసరావు ఛాతీ విరుచుకున్నాడు.

“నేను తెనాలి నుంచి వస్తున్నాను. నా పేరు శ్రీనివాసరావు.”

మొదటి తిట్టు నాలుక చివరికి వచ్చింది. ఈలోగా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“అమ్మా, ఎవరొచ్చారో చూడు! తెనాలి శ్రీనివాసరావు గారు!”

లోపలి నుంచి వాళ్ళమ్మ రాహేలు గారు చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చారు. “ఆ మర్యాదస్తుడేనా తల్లీ? రండి బాబూ, రండి. ఎండన పడి వచ్చారు. కాఫీ తాగుతారా, మజ్జిగ ఇమ్మంటారా?”

తన వెనక ఇంకెవరైనా శ్రీనివాసరావు వస్తున్నాడేమోనని అతను తిరిగి చూశాడు. వీధిలో ఒక మేక తప్ప ఎవరూ లేరు.

కాఫీ వచ్చింది, అరిసెలు వచ్చాయి. రిబ్కా ఒక అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులో పదిహేను ఇన్‌లాండు కవర్లు, తారీకుల వరసన దారంతో కట్టి ఉన్నాయి. “మీవి ఒక్కటి కూడా పారేయలేదండి,” అంది.

అతను పైది తీశాడు. రాజారత్నం గారి గుండ్రటి రాత. ‘గౌరవనీయులైన రిబ్కా గారికి, తెనాలి నుంచి శ్రీనివాసరావు నమస్కరించి రాయునది. మీ ‘శ్రీ’ చూసి కన్ను తిప్పుకోలేకపోయాను. మీ గుణింతం మా పాత కంప్యూటరు మీద కూడా మొరాయించకుండా నడుస్తోంది. ఊరికే ఇస్తూ కూడా ఇంత శ్రద్ధ పెట్టినవారిని నేను చూడలేదు. ఒక్క చిన్న మాట. ‘స్త్రీ’లో వత్తులు రెండూ ఇరుకున పడ్డాయి. సీసం అచ్చులో అవి ఎలా కూర్చునేవో ఈ కింద బొమ్మ గీశాను. పనికొస్తే వాడుకోగలరు.’ కింద, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా పెన్సిలుతో గీసిన వత్తులు. ఆ కింద అతని సంతకం.

రెండోది తీశాడు. మూడోది తీశాడు. అన్నీ అంతే. మూడు మంచి మాటలు, ఒక తప్పు, ఒక బొమ్మ, తన సంతకం. పేపర్లో ఇంకెవరి ఫోటో కిందో తన పేరు పడ్డట్టు ఉంది అతని పని. చెవులు వేడెక్కాయి.

“మరి... ఎందుకు ఆపేస్తున్నారండి?” అని మాత్రం అడగగలిగాడు.

రిబ్కా బీరువాలోంచి ఇంకో ఉత్తరం తెచ్చి ఇచ్చింది. “రేపల్లె నుంచి వచ్చిందండి. ఇలాంటివి ఈ మధ్య నాలుగొచ్చాయి. సెలవుల్లో, ఆదివారాల్లో ఓపిక చేసుకుని చేస్తున్నానండి. ఇది చదివాక కంప్యూటరు ముందు కూర్చోబుద్ధి కాలేదు.”

అతను చదివాడు. ‘ఏమమ్మా, నీకు తెలుగు నేర్పినవాడెవడు? చేతకానివాళ్ళకి ఈ పనులెందుకు? పోయి పిల్లలకి ఎక్కాలు చెప్పుకో.’

మాటలు నరసింహారావువి కావు. అక్షరం పొల్లు పోకుండా తనవి. తన నోట్లోంచి వచ్చినప్పుడు అవి దర్జాగా, మగతనంగా వినపడ్డాయి. ఈ ఇంట్లో, ఈ అరిసెల పళ్ళెం పక్కన, ఆ సుద్ద అంటిన చేతుల ముందు చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సిద్ధం చేసుకొచ్చిన పన్నెండింటిలో ఒక్కటీ గుర్తులేదు.

“అమ్మా,” అన్నాడు. “ఈ రేపల్లె ఉత్తరం నాదండి.”

“మీదేంటండీ?”

“రాసింది మా తోడల్లుడు. చెప్పి రాయించింది నేను. ఈ పదిహేను సార్లూ కూడా నేను అన్నవి ఇలాంటివే. మా దగ్గర రాజారత్నం గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన వీటిని ఇలా మార్చి రాశారు. నేను చదవకుండా సంతకం పెట్టాను. మర్యాదస్తుణ్ణి నేను కాదమ్మా.”

రాహేలు గారు అరిసెల పళ్ళెం వెనక్కి తీసుకుంటారేమోనని అతనికి అనుమానం వచ్చింది. ఆవిడ తీసుకోలేదు. రిబ్కా ఆ ఉత్తరం వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది.

“తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారండి,” అంది చివరికి. “ఇంటికొచ్చి, తిట్టింది నేనే అన్నవాళ్ళు మీరే మొదలు. సరే, వచ్చిన పని చెప్పండి. తప్పేదో ఉండే ఉంటుంది.”

ఇప్పుడు చెప్పాలి. రాసిపెట్టడానికి పక్కన రాజారత్నం గారు లేరు. శ్రీనివాసరావు తల గోక్కున్నాడు. తిట్లయితే ఊపిరి తీసినంత తేలిక. మంచి మాట వెతకాలంటే నిజంగా ఆలోచించాల్సి వచ్చింది.

“నాకు తెలుగు టైపు వచ్చేది కాదమ్మా. మీ గుణింతం మీదే నేర్చుకున్నాను. అదొకటి.” ఆగాడు. “మా ఆవిడ పేరు నేను అచ్చులో మొదట చూసుకుంది మీ అక్షరాల్లోనే. మా అబ్బాయి పుట్టినరోజు కార్డు మీద. ఇక... ఇక, చెప్పిన ప్రతి తప్పూ మీరు దిద్దారు. ఒక్కటీ దాటవేయలేదు.” చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు. “ఇప్పుడు కోతి సంగతి చెప్పొచ్చాండీ?”

కోత పండుగ కోతి పండుగైన కథ వినేసరికి తల్లీ కూతుళ్ళిద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అరటిగెలలు ఎన్నొచ్చాయో రాహేలు గారు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. నవ్వు తగ్గాక రిబ్కా కాగితం తీసి, “ఏ అక్షరం తరువాత? ఖాళీ ఒకటా, రెండా?” అని అడగడం మొదలుపెట్టింది. పని మానేసిన మనిషి అడిగే ప్రశ్నలు కావవి.

“సాయం మాట మరిచిపోయాను,” అన్నాడు శ్రీనివాసరావు. “ఇకమీదట కొత్త ఫ్లాపీ ముందు నాకొక్కడికే పంపండి. వారం రోజులు నేనూ, మా బాబాయి గారూ ప్రతి అక్షరం కొట్టి చూస్తాం. తిట్లు పడితే మా దగ్గరే పడతాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే మిగతా ఊళ్ళకి. రేపల్లె సంగతి నాకొదిలేయండి. సాయంత్రమే మా తోడల్లుడికి ఫోను చేస్తాను.”

“ఎలా చేస్తారండీ?” అంది రిబ్కా అనుమానంగా.

“మర్యాదగానేనండి,” అన్నాడు అతను.

పొద్దువాలకముందే తెనాలి చేరాడు. రాజారత్నం గారు సెంటరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అతని ముఖం చూడగానే, “మరి... ఉంటుందా గుణింతం?” అని అడిగారు.

“ఉంటుందండి. ఆవిడ గుడి కూడా తీసేస్తోంది.”

ఆయన కళ్ళు తడిశాయి. సీసం కరిగించడానికి తీసుకుపోయిన రోజున కూడా ఆయన అలా కాలేదని కృపమ్మ గారు తరువాత చెప్పారు.

“బాబాయి గారూ,” అన్నాడు శ్రీనివాసరావు ఎదురుగా కూర్చుని. “పదిహేను ఉత్తరాలు చూశాను. నేను అన్నదొకటి, మీరు రాసిందొకటి.”

ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకున్నారు. “మీరు అన్నది గ్యాలీ ప్రూఫు బాబూ. మొదటి కాపీలో తప్పులు అందరికీ ఉంటాయి. దిద్దకుండా అది గిరాకీకి పంపితే తప్పు కంపోజిటరుది గానీ రాసినవాడిది కాదు. నేను చేసింది నా పనే.”

“తిట్లు దిద్దారు, బాగుంది. మరి ఆ మెచ్చుకోళ్ళు? నలభై అయిదున్నాయండి, దారిలో లెక్క వేసుకున్నాను. మీరు అబద్ధం ఆడరు కదా. నా నోట పెట్టి నలభై అయిదు అబద్ధాలు ఎలా రాశారు?”

“ఒక్కటీ అబద్ధం కాదండి!” రాజారత్నం గారికి నిజంగానే కష్టం కలిగింది. “అన్నీ మీరన్నవే. ‘స్త్రీ’ ఉత్తరానికి ముందు రోజు, పొన్నూరు రైసుమిల్లు క్యాలెండరు ప్రింటు తీసి, ‘ఈ శ్రీ మీంచి కన్ను తిప్పుకోలేకపోతున్నాన్రా నాయనా’ అన్నారు. గుర్తులేదా? ‘ఋ’ వచ్చిన రోజున, టీ గ్లాసు పట్టుకుని, ‘ఈ అమ్మాయి చేతిలో ఏదో ఉంది’ అన్నారు. ‘ఊరికే ఇస్తూ ఇంత శ్రద్ధా!’ అన్నది భోగి ముందు రోజు. ఎప్పటికప్పుడు కాగితం మీద రాసి పెట్టుకునేవాణ్ణి. ఉత్తరంలో పైన చోటు వదిలేవాణ్ణి, మూడు పోగై అది నిండేదాకా పోస్టు చేసేవాణ్ణి కాదు. ఒక్కోసారి నాలుగు రోజులు ఆలస్యమైంది, అది మాత్రం నా తప్పే.”

శ్రీనివాసరావు గోడ మీది రైసుమిల్లు క్యాలెండరు కేసి చూశాడు.

“మీరు తిట్టేటప్పుడు వీధి చివరిదాకా వినపడుతుంది బాబూ. మెచ్చుకునేటప్పుడు మీ చెవికి కూడా వినపడదు. అంత మంచి మాటలు ఆవిడకి చేరకపోతే ఎలా?”

శ్రీనివాసరావు లేచి నిలబడ్డాడు. “బాబాయి గారూ, మీవంటి మనిషిని నేను చూడలేదండి!” అన్నాడు. వీధి చివరిదాకా వినపడింది. కరెంటు పోయిందేమోనని పక్క కొట్టువాడు లైటు వేసి చూసుకున్నాడు.